విదేశాల్లో తోటి విద్యార్థులతో మన రోజువారీ కబుర్లు: విజయవాడ, గుంటూరుల నుంచి వెళ్ళేవారి కోసం

విజయవాడ బెంజి సర్కిల్ చుట్టుపక్కల, గుంటూరు బ్రాడీపేటలో విదేశీ చదువుల కన్సల్టెన్సీలకు కొదవ లేదు. అప్లికేషన్ ఎప్పుడు వేయాలో, బ్యాంకు లోనుకు ఏ కాగితాలు కావాలో, వీసా ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో అక్కడ వివరంగా చెబుతారు. తీరా విమానం దిగి క్లాసులో కూర్చున్నాక, పక్క కుర్చీలో ఉన్న మెక్సికో అమ్మాయితోనో జర్మనీ అబ్బాయితోనో ఏం మాట్లాడాలన్నది మాత్రం ఎవరూ నేర్పరు. నేర్చుకున్నదల్లా పరీక్ష కోసం నేర్చుకున్న మాటే. ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్ రెండో భాగంలో ఒక కార్డు చేతికిచ్చి, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం ఇచ్చి, రెండు నిమిషాల దాకా ఆపకుండా మాట్లాడమంటారు. ఎదుటివారు మధ్యలో తమ సంగతి చెప్పరు, మనల్ని ఆటపట్టించరు. ఆ అలవాటుతో వెళ్ళిన విద్యార్థి కాలేజీ క్యాంటీన్‌లో కూడా భారతీయ సంస్కృతి గొప్పదనం మీద ఉపన్యాసం ఎత్తుకుంటాడు, లేకపోతే ఎందుకొచ్చిన గొడవని నోరు మూసుకుని తన గదికి వెళ్ళిపోతాడు.

ఈ రెండింటికీ విరుగుడు ఒకటే అని నా అభిప్రాయం: దేశం గురించి చెప్పడం మానేసి వీధి గురించి చెప్పడం. దేశం గురించి ఎవరికి కావాలన్నా ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. సింగ్‌నగర్‌లో మీ మేడ మీద వేసవి రాత్రి ఎలా గడుస్తుందో, అరండల్‌పేటలో మీ ట్యూషన్ అయ్యేసరికి ఏ బండి దగ్గర ఏం దొరుకుతుందో చెప్పగలిగింది ఆ క్లాసు మొత్తానికి మీరొక్కరే. ఆ చిన్న సంగతిని ఎలా చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, ఎక్కడ ఆపాలి అన్నదే ఈ వ్యాసం.

మీది ఏ ఊరు అని అడిగినప్పుడు

మొదటి వారమంతా ఈ ప్రశ్నే వినబడుతుంది. మనవాళ్ళలో చాలామంది "హైదరాబాద్ దగ్గర" అని తేల్చేస్తారు. విజయవాడకూ హైదరాబాదుకూ మధ్య సుమారు 270 కిలోమీటర్ల దూరం ఉంది. ఐరోపాలో అంత దూరం వెళితే కొన్నిచోట్ల దేశమే మారిపోతుంది. పైగా ఆ జవాబు విన్నవారికి మళ్ళీ అడగడానికి ఏమీ మిగలదు. దానికి బదులు, పట్టుకోవడానికి ఒక కొస ఉండేలా జవాబు చెప్పండి. విజయవాడవారైతే ఇలా చెప్పవచ్చు: "ఢిల్లీ నుంచి చెన్నై వెళ్ళే రైలు మార్గమూ, కోల్‌కతా నుంచి చెన్నై వెళ్ళే రైలు మార్గమూ మా ఊళ్ళో కలుస్తాయి. అర్ధరాత్రి రెండింటికి వెళ్ళినా మా స్టేషన్ ప్లాట్‌ఫారం మీద వేడి టీ దొరుకుతుంది." రైళ్ళంటే ఇష్టమున్నవాడు క్లాసుకు ఒకడైనా ఉంటాడు, వాడు మిమ్మల్ని వదలడు.

ఫోన్‌లో మ్యాపు తీసి చూపించడం కూడా మంచి పద్ధతే. కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీని చూపించి, 1957లో కట్టిన ఆ బ్యారేజీకి 70 గేట్లున్నాయని, దాని మీదే రోడ్డు ఉందని, వరద వచ్చి గేట్లు ఎత్తారంటే పిల్లాపాపలతో సహా జనం చూడటానికి బయలుదేరుతారని చెప్పండి. అంతవరకు చాలు. ఆనకట్ట చరిత్ర, ఆయకట్టు లెక్కలు అడిగినప్పుడు చూసుకోవచ్చు.

పేరు సంగతి కూడా మొదటి వారంలోనే తేల్చుకోవాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, రెండు మూడు మాటల అసలు పేరు ఇంకొకచోట ఉండటంతో, హాజరు పట్టికలో ఇంట్లో ఎవరూ పిలవని మాటతో మిమ్మల్ని పిలుస్తారు. సిగ్గుపడి ఊరుకుంటే రెండేళ్ళూ అదే పేరుతో ఉండిపోతారు. పిలవాల్సిన పేరేదో చెప్పి, ఒకసారి పలికించి, తప్పు పలికితే నవ్వుతూ సరిచేయండి. వాళ్ళ పేరు కూడా అలాగే అడిగి సరిగ్గా పలకడం నేర్చుకోండి.

చిన్న కబురును ఎలా అల్లాలి

గుంటూరు నుంచి వెళ్ళిన ఒక విద్యార్థిని ఉందనుకుందాం. "మా ఊరు మిరపకాయలకు ప్రసిద్ధి" అని ఆమె చెబితే విన్నవారు "ఓహో" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. అదే ఆమె ఇలా చెప్పిందనుకోండి:

"ఫిబ్రవరి, మార్చి నెలల్లో మా ఊరి మిర్చియార్డుకు లారీల కొద్దీ ఎండుమిరపకాయలు వస్తాయి. వాటిని కుక్కిన గోతాలను మా దగ్గర టిక్కీలు అంటారు, ఒక్కొక్కటీ నా నడుమెత్తు ఉంటుంది. చిన్నప్పుడు ఒకసారి మా నాన్న నన్ను వెంట తీసుకెళ్ళాడు. గేటు దాటకముందే నాకు తుమ్ములు మొదలయ్యాయి, కళ్ళ వెంట నీళ్ళు. అక్కడ పనిచేసేవాళ్ళు మాత్రం ముక్కుకు తువ్వాలు చుట్టుకుని, ఏమీ లేనట్టు సినిమా కబుర్లు చెప్పుకుంటున్నారు. ఒక హమాలీ నన్ను చూసి, 'ఏవండీ, ఈ పాపది మనూరేనా?' అని మా నాన్నను అడిగాడు. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరు తుమ్మినా అదే మాట అంటారు. మీ ఊళ్ళో ఇలా ఊరంతటికీ పట్టుకున్న వాసన ఏదైనా ఉందా?"

దీన్ని ఇంగ్లిషులో చెప్పడానికి నిమిషం పట్టదు. ఇందులో పెద్ద మాటలు లేవు, వ్యాకరణానికి తడబడాల్సిన వాక్యం లేదు. ఏ నెలో తెలుస్తుంది, చోటు కళ్ళకు కడుతుంది, ఒంటికి తగిలిన అనుభవం ఒకటుంది, ఒక మనిషి అన్న మాట ఉంది. ఆ తరువాత ఎదుటివారికి సులభంగా అందే ప్రశ్న ఒకటుంది. చేపల రేవు పక్కన పెరిగినవారూ, కాగితం మిల్లు ఉన్న ఊరివారూ, పశువుల కొట్టాల మధ్య పెరిగినవారూ ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలరు. తొడిమలు తీసే ఆడవాళ్ళ గురించి, తాలు కాయలను వేరు చేయడం గురించి, ఊరి చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల గురించి చెప్పాల్సింది ఇంకా చాలా ఉంది. అయితే అదంతా వాళ్ళు అడిగాక చెప్పే రెండో విడత. మొదటే గుమ్మరిస్తే వినేవారికి ఊపిరాడదు.

ఎదుట మెక్సికో అమ్మాయి ఉంటే ఇంకొక మాట కలపవచ్చు. మిరప పుట్టింది అమెరికా ఖండాల్లో. పోర్చుగీసువారు తెచ్చేదాకా మన దేశంలో అది లేదు, మిరియాలే మన కారం. గుంటూరు కారమని మనం ఎంత గొప్పలు పోయినా విత్తనం వాళ్ళ తాతలది. ఆ మాట మీరే ముందుగా ఒప్పుకుంటే ఆ సాయంత్రం మాటలకు లోటుండదు.

ఇలాంటి కబుర్లను ప్రయాణానికి ముందే కొన్ని సిద్ధం చేసుకోవడంలో తప్పు లేదు. బట్టీ పట్టవద్దు, ఏ సంగతి చెప్పాలో గుర్తు పెట్టుకుంటే చాలు. కరెంటు పోయిన రాత్రి, పండిట్ నెహ్రూ బస్టాండులో పండగ రద్దీ, ఇంటర్ హాస్టల్లో తెల్లవారుజామున లేపే గంట, బీసెంట్ రోడ్డులో అమ్మ బేరం ఆడిన తీరు, మే నెల మధ్యాహ్నం రెండింటికి ఖాళీగా ఉండే ఏలూరు రోడ్డు లాంటివి ఎవరి దగ్గరైనా ఉంటాయి. మనకు పరమ మామూలుగా తోచేదే వాళ్ళకు కొత్త. అందరూ చెప్పే ఏనుగులు, యోగా, తాజ్ మహల్ వాళ్ళకు ఎలాగూ పాతబడిపోయాయి.

ఎప్పుడు, ఎక్కడ

ప్రత్యేకంగా కూర్చుని మాట్లాడే సందర్భం కోసం ఎదురుచూస్తే సెమిస్టర్ అయిపోతుంది. ప్రొఫెసర్ రావడానికి ముందున్న అయిదు నిమిషాలు, ల్యాబులో యంత్రం వేడెక్కేదాకా నిలబడే సమయం, గ్రూపు ప్రాజెక్టు మధ్యలో టీ విరామం, బస్టాపు దాకా నడక చాలు. "హౌ ఆర్ యూ" అని అడిగితే అది చాలా చోట్ల పలకరింపు మాత్రమే. ఆరోగ్యం వివరాలు చెప్పనక్కరలేదు. కానీ "ఫైన్" దగ్గర ఆపకుండా చిన్న ముక్క ఒకటి జతచేయండి. "బాగున్నాను, ఇవాళ మా ఊళ్ళో దసరా, పొద్దున్నుంచీ ఒకటే ఫోన్లు" అంటే, ఆసక్తి ఉన్నవారు ఆగి అడుగుతారు, తొందరలో ఉన్నవారు నవ్వి వెళ్ళిపోతారు. వెళ్ళిపోయినవారు మిమ్మల్ని చిన్నచూపు చూశారని అనుకోకండి.

గడియారాల తేడా కూడా మంచి కబురే. న్యూయార్క్‌లో వేసవి సమయం నడిచేటప్పుడు ఉదయం 8 గంటల క్లాసు మొదలయ్యేసరికి విజయవాడలో సాయంత్రం 5:30 అవుతుంది. నవంబరులో గడియారం మార్చాక అది 6:30. లండన్‌కూ మనకూ వేసవిలో నాలుగున్నర గంటలు, చలికాలంలో అయిదున్నర గంటలు తేడా. మీరు క్లాసు గుమ్మం దగ్గర ఫోన్ పట్టుకుని తెలుగులో గబగబా మాట్లాడుతుంటే ఏదో గొడవ పడుతున్నారని కొందరు అనుకుంటారు. "మా అమ్మ, అక్కడ సాయంత్రం, బజ్జీలు వేస్తూ నేను ఏం తిన్నానో అడుగుతోంది" అని చెబితే అనుమానమూ తీరుతుంది, మాటా మొదలవుతుంది.

మార్కుల జోలికి వెళ్ళవద్దు

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడు మన రెండు ఊళ్ళలోనూ ర్యాంకులు వచ్చిన పిల్లల ఫోటోలతో ఫ్లెక్సీలు వెలుస్తాయి. ఎదురింటి ఆంటీకి కూడా మన మార్కులు తెలుసు. ఆ గాలిలో పెరిగినవారికి "నీకెన్ని వచ్చాయి" అన్నది క్షేమసమాచారం అడిగినంత సహజం. బయటి దేశాల్లో అది సొంత విషయం. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం విద్యాసంస్థ విద్యార్థి మార్కులను అతని అనుమతి లేకుండా సాధారణంగా ఇతరులకు చెప్పకూడదు. ఆ చట్టం విద్యార్థుల నోటికి తాళం వేయదు గానీ, అక్కడి అలవాటు ఎటువైపు ఉందో తెలుస్తుంది. మార్కులకు బదులు అనుభవం అడగండి: "మూడో లెక్క నాకు ఎంతకీ తెగలేదు, నువ్వు ఎక్కడ మొదలుపెట్టావు?" జీతం, అద్దె, అప్పు, పెళ్ళి, వీసా స్థితి కూడా ఈ కోవలోవే, వాళ్ళు చెబితే వినండి, మీరుగా అడగవద్దు.

ఇక్కడే ఇంకొక జాగ్రత్త. హోంవర్క్ గురించి కష్టసుఖాలు చెప్పుకోవచ్చు. సమర్పించకముందు జవాబు పత్రం చూపించడం స్నేహంలోకి రాదు. అది చూపించినవారికీ చూసినవారికీ ఒకే శిక్ష పడే విశ్వవిద్యాలయాలు చాలా ఉన్నాయి.

తిండి ద్వారా చెప్పే కబుర్లు

మాట రానివారికి కూడా వంట అక్కరకొస్తుంది కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సెమిస్టర్‌లో ఎప్పుడో ఒకప్పుడు, ఎవరి వంటకం వారు తెచ్చి అందరూ కలిసి తినే పాట్‌లక్ వస్తుంది. దానికి పులిహోరను మించినది లేదు. చల్లారినా రుచి పోదు, చెంచాతో తినవచ్చు, మాంసం తిననివారికీ పనికొస్తుంది. బిర్యానీ చేసి మెప్పించాలని తాపత్రయపడి, చిన్న హాస్టల్ పొయ్యి మీద అన్నం మెత్తబడి బాధపడేవారే ఎక్కువ.

గిన్నె పక్కన ఒక చీటీ తప్పనిసరిగా పెట్టండి. పేరు గొప్పగా రాయడం కంటే అందులో ఏముందో రాయడం ముఖ్యం. అమెరికా చట్టం ప్రధాన అలర్జీ కారకాలుగా తొమ్మిదింటిని గుర్తిస్తుంది. పాలు, గుడ్లు, గోధుమ, వేరుశనగ వంటివాటితో పాటు 2023 జనవరి 1 నుంచి నువ్వులు కూడా ఆ జాబితాలో చేరాయి. బ్రిటన్‌లోనూ ఐరోపా సమాఖ్యలోనూ ఈ జాబితాలో 14 ఉన్నాయి, అందులో ఆవాలు ఒకటి. ఇప్పుడు మన వంటను ఆ కళ్ళతో చూడండి. పులిహోర తాళింపులో ఆవాలు, వేరుశనగ గుళ్ళు, జీడిపప్పు ఉంటాయి. ఆవకాయలో ఆవపిండి, నువ్వుల నూనె రెండూ ఉంటాయి. ఇంగువ డబ్బా వెనక చదివితే చాలా బ్రాండ్లలో గోధుమపిండి కలిపి ఉంటుంది. గోధుమ పడనివారికి చిటికెడు ఇంగువ కూడా ఇబ్బందే. నెయ్యి పాల పదార్థం, కాబట్టి జంతువుల నుంచి వచ్చేదేదీ ముట్టని వీగన్లు తినరు. "వెజిటేరియన్" అని ఒక్క మాట రాసి ఊరుకుంటే ఇవేవీ తెలియవు. వేరుశనగ గుళ్ళు, జీడిపప్పు అసలు వేయకుండా చేయడం మేలు. వేయాలనే ఉంటే వేరే గిన్నెలో వేయించి, వేరే చెంచాతో పక్కన పెట్టండి.

"కొంచెం కారం" అన్న మాటను నమ్మి తినేవారిని చూస్తే జాలి వేస్తుంది. మన కొంచెం వేరు, వాళ్ళ కొంచెం వేరు. పచ్చడైతే పళ్ళెం అంచున గోరంత పెట్టి, పక్కనే పెరుగు ఉంచండి. మిరపలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, అందుకే నీళ్ళు తాగినా మంట తగ్గదు. పాలు, పెరుగు తగ్గిస్తాయి. ఈ సంగతి తినకముందు చెప్పాలి, తిన్నాక చెబితే వినే స్థితిలో ఉండరు.

గోంగూర దొరికితే మాత్రం వదలకండి. మయన్మార్ విద్యార్థులు ఎవరైనా ఉంటే గుర్తుపడతారు. గోంగూర జాతికి చెందిన పుల్లాకు వాళ్ళ ఇళ్ళలో రోజూ వండుకునేదే. అదే కుటుంబానికి చెందిన మొక్క పువ్వు అడుగున ఉండే ఎర్రటి రక్షకపత్రాలతో పశ్చిమ ఆఫ్రికాలో పానీయం చేస్తారు. "మీ ఇంట్లో దీన్ని ఎలా చేస్తారు?" అని అడిగితే, ఇద్దరూ ఇంగ్లిషులో తడబడుతూనే గంటసేపు మాట్లాడుకోగలరు.

తాళింపు వేసేముందు కిటికీ తీసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. కాగిన నూనెలో ఎండుమిరపకాయలు మాడితే పొగ అలారం మోగుతుంది. మోగితే కొన్ని భవనాల్లో అందరూ కిందికి దిగాల్సిందే. చలిలో దుప్పట్లు కప్పుకుని రోడ్డు మీద నిలబడ్డప్పుడు కూడా పరిచయాలు అవుతాయనుకోండి, కానీ ఆ మార్గం మంచిది కాదు. పచ్చళ్ళను గట్టి మూత ఉన్న గాజు సీసాల్లో పెట్టి ఉమ్మడి ఫ్రిజ్‌లో ఒక మూల ఉంచండి. రూమ్‌మేట్ వాసన గురించి ఏమైనా అంటే మన సంస్కృతిని అవమానించారని పౌరుషపడకుండా, అతని ఇంట్లో ఏ వాసన బాగుంటుందో అడగండి. అతను ఎగతాళి చేస్తున్నాడో, నిజంగా ఇబ్బంది పడుతున్నాడో అప్పుడు తెలిసిపోతుంది; ఎగతాళి అయితే నచ్చలేదని సూటిగా చెప్పవచ్చు.

నలుగురు తెలుగువాళ్ళు కలిసినప్పుడు

కొన్ని అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో కంప్యూటర్ సైన్స్ ఎమ్మెస్ క్లాసులో ఇంగ్లిషు కంటే తెలుగే ఎక్కువ వినబడుతుందని సరదాగా అంటుంటారు. తెలుగు స్నేహితులు ఉండటం అదృష్టమే. జ్వరం వస్తే చారన్నం తెచ్చేది వాళ్ళే. కానీ భాష రాని ఒక్కరు పక్కన నిలబడ్డా వెంటనే అందరికీ తెలిసిన భాషలోకి మారాలి. పొరపాటున తెలుగులో నవ్వుకున్నారా, ఎందుకు నవ్వారో ఒక్క వాక్యంలో చెప్పండి. లేకపోతే తన మీదే నవ్వారని అతను అనుకుంటాడు, మళ్ళీ మీ బల్ల దగ్గరకు రాడు.

కొత్తగా పరిచయమైన తెలుగు విద్యార్థి ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, ఆ పైన కులం కూపీ లాగే అలవాటును విమానం ఎక్కకముందే ఇక్కడ వదిలేసి వెళ్ళాలి. దీనికి మినహాయింపు లేదు.

ఇబ్బందికరమైన ప్రశ్నలు

కులం గురించి, పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళ గురించి, కట్నం గురించి క్లాస్‌మేట్లు తప్పకుండా అడుగుతారు. కొందరు తెలుసుకోవాలని, కొందరు ఏదో చదివి. అవేవీ లేవని బుకాయించడం, దేశం పరువు పోయిందని చిన్నబుచ్చుకోవడం రెండూ పనికిరావు. మీ ఇంట్లో, మీ వీధిలో మీరు చూసింది చెప్పండి. చూడనిది చూడలేదని చెప్పండి. "మా అక్క పెళ్ళి ఇలా జరిగింది, మా పిన్ని పెళ్ళి అలా జరిగింది" అంటే అది కబురు. దేశం మొత్తం మీద తీర్పు చెప్పమంటే మాత్రం అంత పెద్ద విషయం తేల్చే శక్తి తనకు లేదని ఎవరైనా తప్పుకోవచ్చు. చెప్పడం ఇష్టం లేకపోతే "దాని గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం" అన్నా చాలు, ఎవరూ బలవంతపెట్టరు.

కష్టం వచ్చినప్పుడు చెప్పడం

"ఎలా ఉన్నావు" అంటే లోపల ఏమున్నా "బాగున్నాను" అనడం మన పెంపకం. ఇంట్లోవాళ్ళకు చెబితే కంగారుపడతారని దాస్తాం, క్లాసులో చెబితే చులకన అవుతామని దాస్తాం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నప్పుడు, ప్రకాశం బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద నమోదైనప్పుడు, అమెరికాలో సెమిస్టర్ అప్పుడే మొదలై ఉంది. ఇంటి ఫోన్ ఛార్జింగ్ అయిపోయి మోగకపోతే, అక్కడ లెక్చర్ ఏం ఎక్కుతుంది? అలాంటి పరిస్థితిలో మూడు వాక్యాలు సరిపోతాయి: "మా ఊళ్ళో వరద, మా కింది వాటాలోకి నీళ్ళు వచ్చాయి. అమ్మానాన్నలు మేడ మీద ఉన్నారు, నిన్న రాత్రి నుంచి ఫోన్ కలవడం లేదు. ఇవాళ మీటింగులో నేను సరిగ్గా మాట్లాడలేకపోవచ్చు, నా భాగం రేపు సాయంత్రానికి పంపిస్తాను." ఏం జరిగింది, ఇప్పుడెలా ఉంది, మీ వల్ల ఏం అవుతుంది అన్నవి అందులో వచ్చేశాయి. ఇదే మాటను ప్రొఫెసర్‌కు మెయిల్‌లో ఆ రోజే రాయాలి. గడువు దాటిపోయాక రాస్తే సాకులా వినబడుతుంది.

జవాబుగా "అయ్యో, సారీ" అన్న ఒక్క మాటే రావచ్చు. మన దగ్గరైతే నలుగురూ ఇంటికొచ్చి కూర్చుంటారు కాబట్టి అది పొడిగా అనిపిస్తుంది. చాలామందికి అంతకంటే ఎక్కువ మాట్లాడితే చొరవ తీసుకున్నట్టవుతుందేమోనన్న సంకోచం ఉంటుంది. ఏం కావాలో మీరే చెప్పండి: నోట్సు కావాలా, కలిసి నడవాలా, ఒక పూట భోజనానికి తోడు కావాలా. దిగులు రోజుల తరబడి వదలకపోతే విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ కేంద్రానికి వెళ్ళండి. వాళ్ళలో ఎవరైనా తమ కష్టం మీతో చెప్పుకుంటే, వెంటనే సలహాలు మొదలుపెట్టకుండా పూర్తిగా వినండి. సలహా ఇవ్వడంలో మనవాళ్ళ వేగం అందరికీ తెలిసిందే.

పండగలు, మ్యూజియాలు

సంక్రాంతి సెమిస్టర్ మొదట్లో, చాలా చోట్ల మంచులో వస్తుంది. వాకిట్లో ముగ్గు కుదరకపోతే నల్ల చార్టు మీద చుక్కలు పెట్టి, నలుగురికీ తలా ఒక సుద్దముక్క ఇచ్చి కలపమనండి. పండగ పురాణం చెప్పడం కంటే అది మేలు. ఇంటికి పిలిచేటప్పుడు చెప్పులు గుమ్మం దగ్గర విప్పాలన్న సంగతి ముందే చెప్పాలి, చిరిగిన సాక్సుతో వచ్చినవారు ఇబ్బంది పడకుండా.

లండన్‌లో చదివేవారికి ఇంకొక అవకాశం ఉంది. మన అమరావతి స్తూపం శిల్పాలు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, శాశ్వత ప్రదర్శన చూడటానికి టికెట్ లేదు. 1797లో కోలిన్ మెకంజీ ఆ దిబ్బను చూశాడు, 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించాడు, కొన్నాళ్ళు మద్రాసులో ఉన్న రాళ్ళు 1859లో లండన్‌కు ఓడలో చేరాయి. క్లాస్‌మేట్లను ఆ గదికి తీసుకెళ్ళి, ఈ సున్నపురాయి పలకలు గుంటూరు నుంచి బస్సులో వెళ్ళగలిగినంత దూరంలో ఉన్న ఊరివని చెప్పండి. అవి అక్కడ ఉండటం గురించి మీకు ఏమనిపిస్తుందో కూడా దాచనక్కరలేదు. కోపం వస్తే కోపమని, భద్రంగా ఉన్నాయన్న తృప్తి ఉంటే అదీ చెప్పండి. చాలామందికి రెండూ కలిసే ఉంటాయి.

ఫోన్‌లో పెట్టేవాటి విషయం

క్లాస్‌మేట్ల ఫోటో పెట్టేముందు అడగాలి, పిల్లలు ఉంటే మరీ. లెక్చర్‌ను అనుమతి లేకుండా రికార్డు చేసి పంచుకోకూడదు. 2025 జూన్ నుంచి అమెరికా ఎఫ్, ఎం (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాలకు దరఖాస్తు చేసేవారు తమ సోషల్ మీడియా ఖాతాలను అందరికీ కనబడేలా ఉంచాలని అక్కడి ప్రభుత్వం కోరుతోంది. ఎఫ్-1 విద్యార్థి సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. దాన్ని దాటినట్టు సరదాకైనా రాయడం కొరివితో తల గోక్కోవడమే.

వాళ్ళు మన ఊరు వస్తామంటే

మాటలు బాగా కుదిరితే ఎవరో ఒకరు "మీ ఊరు చూడాలి" అంటారు. మర్యాదకు అన్నారో నిజంగా అన్నారో తెలుసుకోవడానికి నెలల పేర్లు చెప్పండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రమ్మనండి; మేలో 45 డిగ్రీల దగ్గరకు వెళ్ళే ఎండలో వాళ్ళను ఇంద్రకీలాద్రి మెట్లు ఎక్కించడం పాపం. ఉండవల్లి గుహలు, తెల్లపొణికి కర్రతో బొమ్మలు చేసే కొండపల్లి రెండూ విజయవాడ నుంచి ఒకే రోజులో చూడవచ్చు. ఇంట్లో దింపుకుంటే అమ్మానాన్నలకు వాళ్ళు ఏం తింటారో, ఏది పడదో ముందే చెప్పి ఉంచండి. "ఇంకొంచెం వేసుకో" అని మూడోసారి వడ్డించకుండా చూసే బాధ్యత మీదే. వీసాకు తగినంత ముందుగా దరఖాస్తు చేసుకోమనండి. విదేశీ అతిథిని ఇంట్లో ఉంచుకున్నవారు 24 గంటల్లోగా ఆ వివరాలను విదేశీయుల నమోదు అధికారులకు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి, కాబట్టి పాస్‌పోర్టు, వీసా కాపీలు ముందుగానే తెప్పించి ఇంట్లోవాళ్ళకు పంపండి.